పదిహేడు పొట్లాల వంగ విత్తనం

కోనసీమలో కుండీల్లో కూరగాయలు పండించే మనిషిని జనం కాస్త జాలిగా చూస్తారు. తిని పారేసిన గింజ కూడా తనంతట తాను మొలిచే గడ్డమీద ఒకాయన పనిగట్టుకుని మట్టిని సంచుల్లోకెత్తి, ఆ సంచుల్ని మేడమీదికి మోసి, అక్కడ వంకాయలు కాయిస్తున్నాడంటే ఆయనకి ఇంట్లో ఏదో బాధ ఉందనుకుంటారు. పెద్దిరాజు విషయంలో అలా అనుకోవడం సబబే. బాధ ఉంది. దాని పేరు ఉప్పు.

పెద్దిరాజుకి కాట్రేనికోన దగ్గర ఎకరంన్నర కూరగాయల చేను ఉండేది. తొంభై మూడులో చుట్టుపక్కల చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. పక్క చెరువు స్వయానా అతని అక్కగారి భర్త ముత్యాలరాజుదే. నువ్వూ చెరువు తవ్వించు బావా అని ముత్యాలరాజు ఎంతో మర్యాదగా చెప్పాడు. పెద్దిరాజు అంతే మర్యాదగా వద్దన్నాడు. గట్టుకి ఇవతల వంగతోట, అవతల ఉప్పునీళ్ళు. మనుషుల మధ్య ఇంత మర్యాద నడుస్తున్నా గట్టుకి మాత్రం అది అబ్బలేదు. రెండేళ్ళు తిరిగేసరికి వంగ ఆకుల అంచులు మాడడం మొదలెట్టాయి. పెద్దిరాజు చిటికెడు మట్టి తీసి నాలుకమీద వేసుకున్నాడు. ఉప్పగా తగిలింది. మట్టి పరీక్ష అంతటితో పూర్తయింది.

అదే ఏడు రొయ్యలకి కూడా తెగులొచ్చి చెరువులు ఎండిపోయాయి. చేనూ లేదు, చెరువూ లేదు, ఉప్పు మాత్రం మిగిలింది. పెద్దిరాజు భార్య కాంతాన్నీ తల్లి అచ్చమ్మగారినీ తీసుకుని అమలాపురం వచ్చి ఒక బట్టల దుకాణంలో చేరాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా చీరలు విప్పి చూపించడం, చూసినవాళ్ళు వెళ్ళాక మళ్ళీ మడత పెట్టడం అతని ఉద్యోగం. రైతుగా పుట్టినవాడికి ఇందులో పెద్ద కొత్తదనం కనిపించలేదు. వ్యవసాయంలోనూ చివరికి మిగిలేది మడత పెట్టడమే.

వాళ్ళు అద్దెకి దిగింది సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి మేడమీది వాటాలో. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, భూగోళం చెప్పేవారు. పైన ఒక గది, ఒక వంటిల్లు, మిగతాదంతా ఖాళీ డాబా. ఆ డాబాని చూసి అచ్చమ్మగారు వచ్చిన రోజే కొంగు ముడి విప్పారు. అందులో బూడిదలో కలిపిన వంగ విత్తనాలున్నాయి.

ఈ విత్తనం గురించి చెప్పకపోతే పెద్దిరాజు గురించి చెప్పడానికేమీ లేదు. కాయ కోడిగుడ్డు కన్నా కాస్త పెద్దది, లేతాకుపచ్చ మీద తెల్లచారలు, తొడిమ నిండా ముళ్ళు. కోసేటప్పుడు రక్తం రావాలి, వండేటప్పుడు నూనె అడక్కూడదు. అచ్చమ్మగారు కాపరానికి వస్తూ పుట్టింటినించి తెచ్చుకున్న సొమ్ము అదొక్కటే. ఇలాంటి వంకాయ లోకంలో ఇంకెక్కడా లేదని ఆవిడ నమ్మకం. లోకమంటే ఆవిడ లెక్కలో ముమ్మిడివరం దాకా. అయితే వంగ విత్తనానికి ఆయుష్షు తక్కువ. మూడేళ్ళు, మహా అయితే నాలుగు. ఏటా వెయ్యాలి, ఏటా ఒక మంచి కాయకి గుడ్డపీలిక కట్టి, కొయ్యకుండా పసుపుపచ్చగా ముదరనివ్వాలి, దాని గింజలు తియ్యాలి. ఏమరుపాటుగా నాలుగేళ్ళు ఊరుకుంటే వంశం అయిపోయినట్టే.

అందుకని డాబామీద వ్యవసాయం మొదలైంది. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు అడుగున తేలే ఒండ్రుమట్టిని పెద్దిరాజు సైకిలు మీద తెచ్చాడు. కుండీలు కొనే తాహతు లేక రొయ్యల మేత సంచులు తెచ్చి మూడుసార్లు ఉతికాడు. ఏ రొయ్యలు తన చేను తిన్నాయో వాటి కంచంలోనే తన వంగ పెరగడం న్యాయంగానే ఉందనిపించింది. ఐసు చేపలొచ్చే థర్మోకోలు పెట్టెల్లో కొత్తిమీర, తోటకూర; రంగు డబ్బాల్లో పుదీనా; చిల్లుపడ్డ గంగాళంలో కరివేపాకు. అచ్చమ్మగారు పీట వేసుకుని కూర్చుని అజమాయిషీ చేసేవారు.

“అడుగున బెజ్జాలు పెట్టేవా?”

“పెట్టేనే అమ్మా.”

“ఎన్ని?”

“రెండు.”

“ఇంకో రెండు పెట్టు. మొక్కకి తాగడం కన్నా వదిలెయ్యడం ముఖ్యంరా. మీ నాన్నకి అదే తెలీలేదు.”

మొదటి ఏడే కాపు బాగా వచ్చింది. తొంభై ఆరులో తుఫాను వస్తోందని రేడియో చెప్పగానే పెద్దిరాజు ఇరవై రెండు సంచుల్ని ఉన్న ఒక్క గదిలోకి చేరవేశాడు. కాంతం గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

“అన్నీ సర్దేరా?”

“ఆయ్, సర్దేను.”

“ఇంక మనం డాబామీద పడుకుందామా మరి?”

ముగ్గురూ వంటింట్లో కూర్చుని తుఫాను వెళ్ళదీశారు. మొక్కలు బతికాయి. అవతల కాట్రేనికోన వైపు చేలలో ఎక్కడైనా మిగిలిన ఆ రకం వంగ ఉంటే సముద్రం వచ్చి తీసుకుపోయింది. ఇక అచ్చమ్మగారి వంకాయ భూమ్మీద ఉన్నది ఆ డాబామీదే. దాన్ని భూమ్మీద అనడం కూడా సరికాదు.

తొంభై ఎనిమిదిలో అచ్చమ్మగారు మంచం పట్టారు. ఆస్తిపాస్తుల గురించి చెప్పవలసిందేమీ లేకపోవడం వల్ల ఆవిడ నేరుగా విషయానికి వచ్చారు.

“విత్తనం ఒక్కచోట ఉంచకురా పెద్దీ. పదిళ్ళలో పడెయ్. మనింట్లో పోయినా ఎవరింట్లోనో ఉంటది.”

తల్లి మాట పెద్దిరాజు పొల్లు పోనివ్వలేదు. ఆవిడ పోయాక, పెద్దకార్యం నాడు భోజనాలయ్యాక, పాత శుభలేఖల కాగితాలు చింపి పదిహేడు పొట్లాలు కట్టి, పదిహేడు ఇళ్ళవాళ్ళకి చేతిలో పెట్టాడు. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పాడు. నాలుగేళ్ళు దాటనివ్వకండి, ఏటా వెయ్యండి, ఒక కాయకి గుడ్డ కట్టండి. పొట్లం అందుకున్న ప్రతివాళ్ళూ కళ్ళకద్దుకున్నారు. “ఆయ్, తప్పకుండా వేస్తామండి” అన్నారు. పదిహేడు పొట్లాలు, పదిహేడు ఆయ్‌లు. పెద్దిరాజు గుండె తేలికపడింది. తన తల్లి పదిళ్ళు చాలంది. తను ఏడిళ్ళు ఎక్కువే చేశాడు.

ఆ మీదట అతను విత్తనం దాచడం మానేశాడు. ఏటా గుడ్డ కట్టిన కాయ గింజలన్నీ ఒకే పెట్టెలో నారు పోసి, తనకి కావలసిన మొక్కలు తీసుకుని, మిగిలిన నారు దుకాణంలో పంచేసేవాడు. వాళ్ళూ ఆయ్ అనేవాళ్ళు.

“ఇంట్లో చిటికెడైనా ఉంచుకోండి” అంది కాంతం ఒకసారి.

“పదిహేడిళ్ళలో ఉంది కదే. ఇక్కడ దాస్తే ఎలకలకే.”

“ఆ పదిహేడిళ్ళవాళ్ళూ మీ మొహం చూసి ఆయ్ అన్నారండి. విత్తనం మొహం చూసి కాదు.”

పెద్దిరాజుకి ఈ మాట నచ్చలేదు. నిజానికి అతను పనిచేసే దుకాణానికి రోజూ పాతికమంది వచ్చి, నలభై చీరలు విప్పించి, “చాలా బావున్నాయండి, మళ్ళీ వస్తామండి” అని వెళ్ళేవారు. వాళ్ళలో ఒక్కరు మళ్ళీ వస్తారని అతను ఏనాడూ నమ్మలేదు. కొట్టు మాట వేరు, తల్లి పెద్దకార్యంలో మాట వేరు అనుకున్నాడు. మనిషన్నాక ఎక్కడో ఒకచోట నమ్మాలి కదా.

రెండువేల రెండులో వానాకాలం మొదట్లో సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు మేడమెట్లు ఎక్కి వచ్చారు. ఆయన ఎక్కడమే అరుదు.

“కాఫీ తాగేరా పెద్దిరాజుగారూ?”

“ఆయ్, తాగేనండి. తమరు?”

“తాగేనండి. ఏంలేదు, మా పడగ్గది కప్పు ఒకసారి తమరు చూడాలని. మొన్నటిదాకా సింహళంలా ఉండేదండి మరక. ఇవాళ లేచి చూస్తే ఆస్ట్రేలియా.”

పెద్దిరాజు కిందికి వెళ్ళి చూశాడు. ఆస్ట్రేలియాయే. పక్కన న్యూజిలాండుకి కూడా తేమ తగిలింది.

“మొక్కలు తియ్యమని నా నోటితో నేననలేనండి” అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు. “అచ్చమ్మగారి మొక్కలు. నేనూ తిన్నవాణ్ణే. కానీ తడిమట్టి బరువు చూసేరూ, స్లాబు ముసల్దండి పాపం. మట్టి బదులు తేలికపాటిదేదైనా ఉంటుందేమో ఆలోచించండి. అన్యథా భావించకండి.”

ఇంతకన్నా గట్టిగా ఖాళీ చెయ్యమని ఆ ప్రాంతంలో ఎవరూ చెప్పరు. పెద్దిరాజు ఆ రోజే కాట్రేనికోన ఫోను చేశాడు. రొయ్యలు పోయాక ముత్యాలరాజు కొబ్బరి డొక్కలు కొని, నీళ్ళలో నానబెట్టి, పీచు తీయించే పనిలోకి దిగాడు. పీచు తీశాక మిగిలే పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. దూది అంత తేలిక, తడి బాగా పట్టి ఉంచుతుంది.

“ఎంత కావాలంటే అంత పంపుతా బావా. నువ్వు అడగడం, నేను కాదనడమా” అన్నాడు ముత్యాలరాజు.

మర్నాడే ఆటోనిండా పొట్టు దిగింది. కాపు ఉడిగిన పాతమొక్కలు పీకేసి, ఏడేళ్ళ ఒండ్రు కిందికి దింపి, పెద్దిరాజు సంచులన్నిటిలో పొట్టు నింపాడు. నారుపెట్టెలోనూ అదే పోశాడు. ఆ ఏటి గింజలన్నీ చల్లాడు. నాలుగు రోజుల్లో ఆస్ట్రేలియా అంచులు ఆరడం మొదలెట్టాయని సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు స్వయంగా వచ్చి చెప్పి సంతోషించారు.

నారు మొలిచింది. రెండాకులు వేసింది. మూడో ఆకు రాలేదు. ఉన్న రెండాకుల అంచులు మాడాయి. నీళ్ళు చాలక అనుకుని పెద్దిరాజు ఇంకాస్త పోశాడు. పొట్టుమీద పైపైన తెల్లటి పొర తేలింది. అది చూశాక ఒక చిటికెడు తీసి నాలుకమీద వేసుకున్నాడు.

ఏడేళ్ళయినా నాలుక రుచి మరిచిపోలేదు.

సాయంత్రం మళ్ళీ ఫోను చేశాడు. “డొక్కలు ఎక్కడ నానబెడతావు బావా?”

“ఇంకెక్కడ. మన పాత రొయ్యల చెరువులోనే. ఊరికే పడుంది కదాని. ఏం, పొట్టు సరిపోలేదా? ఇంకో ఆటో పంపనా?”

“చాలు బావా. చాలా బావుంది” అన్నాడు పెద్దిరాజు.

అతని చేనుని మింగిన ఉప్పే, ముప్ఫై కిలోమీటర్లు ఆటోలో ప్రయాణం చేసి, మెట్లెక్కి, అతను చేతులారా నింపిన సంచుల్లో దిగింది. దాన్ని కడగాలంటే బాగా నీళ్ళు పొయ్యాలి. నీళ్ళు పోస్తే ఆస్ట్రేలియా పెరుగుతుంది. పెద్దిరాజు రెండు రోజులు పోశాడు, కింద చుక్కలు పడ్డాయి, మూడోరోజుకి పొయ్యడానికి నారే లేదు. దుకాణంలో నారు తీసుకున్నవాళ్ళని అడిగాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ పొద్దు చీరలు ఎంతో శ్రద్ధగా మడతపెట్టారు.

“పదిహేడిళ్ళలో ఉంది కదే” అన్నాడు ఇంటికొచ్చి. కాంతం కూరల సంచీ దులిపి తెచ్చి, వెళ్ళి తెచ్చుకోమన్నట్టు అతని చేతిలో పెట్టింది.

పొట్లాలిచ్చి నాలుగేళ్ళు నిండబోతున్నాయి. ఆదివారం సెలవు. పెద్దిరాజు ఆదివారానికొక ఊరు చొప్పున బయల్దేరాడు.

మొదట రామచంద్రపురం, పినతండ్రి కొడుకు సోమేశ్వరరావు ఇల్లు. అతను కాలేజీలో గుమాస్తా. ఏ కాగితమూ పారెయ్యడని పేరున్నవాడు.

“మరిచిపోతానా అన్నయ్యా. భద్రంగా ఫైల్లో పెట్టేను.”

“ఫైల్లోనా? వెయ్యలేదా?”

“వేద్దామనే పెట్టేనండి.”

బీరువా తెరిచి, ఫైళ్ళన్నీ నేలమీద పరిచి ఇద్దరూ వెతికారు. తొంభై నించి కరెంటు రసీదులు దొరికాయి. సోమేశ్వరరావు పదో తరగతి మార్కులు దొరికాయి. తప్పిపోయిందని పోలీసులకి ఫిర్యాదు చేసిన రేషను కార్డు దొరికింది. ఆ ఇంటివాళ్ళు ఎంత సంబరపడ్డారంటే, పెద్దిరాజు వచ్చింది దానికోసమే అన్నట్టు భోజనానికి ఉంచేశారు. వంకాయ కూర. బజారులో దొరికే నల్ల వంకాయ.

“ఇవే బావుంటున్నాయండీ ఈమధ్య” అంది సోమేశ్వరరావు భార్య.

“ఆయ్, బావుందమ్మా” అని పెద్దిరాజు మారు వడ్డించుకున్నాడు.

తర్వాతి ఆదివారాల వృత్తాంతం విడివిడిగా రాయడం అనవసరం. ఎక్కడికి వెళ్ళినా ముందు కుర్చీ వేశారు, కొబ్బరిబొండాం కొట్టారు. ఒక ఇంట్లో పొట్లం పెళ్ళిచీర మడతలో పెట్టారు, ఆ చీర కూతురితో హైదరాబాదు వెళ్ళింది. మరో ఇంట్లో వచ్చే వైశాఖంలో తప్పకుండా వేద్దామనుకుంటున్నారు, పొట్లం మాత్రం ఎక్కడుందో తెలీదు. ఒకావిడ అది ఆయుర్వేదం మందనుకుని మజ్జిగలో వేసి పుచ్చుకుంది, గుణం కనిపించిందని కూడా చెప్పింది. ఎవరూ లేదని మొహాన అనలేదు. పెద్దిరాజు ఖాళీ చేతులతో తిరిగివచ్చిన ఇల్లంటూ లేదు. ఎవరో ఒకరు అరటిగెలో పనసతొనలో పెట్టి పంపారు.

సఖినేటిపల్లి రేవులో యాకోబు దొరికాడు. ఒకప్పుడు అచ్చమ్మగారి చేలో పనిచేసి, తర్వాత అత్తారి ఊరు వెళ్ళి నరసాపురం పడవమీద సరంగు అయినవాడు. పెద్దిరాజుని చూసి పడవ వేరేవాడికి అప్పగించి గట్టుకి వచ్చాడు.

“వంగ విత్తనమా? ఎందుకెయ్యలేదండి. ఆ వారమే ఏసేను. ఇంటెనకాల ఎంత కాపనుకున్నారు? అచ్చమ్మగారి సేతి కాయ, అచ్చం అదే. మా ఆడది ఎండురొయ్యలేసి వండితే ఈదంతా వచ్చేదండి.”

పెద్దిరాజు మనసులో లెక్క వేసుకున్నాడు. పదిహేడింట్లో ఒక్కటి. అప్పుడు అడిగాడు.

“గుడ్డ కట్టేవా యాకోబూ? విత్తనానికి?”

యాకోబు తల గోక్కున్నాడు. ఏటివైపు చూశాడు.

“కట్టలేదండి. ఒక్కటీ మిగల్చలేదు, అంత బావున్నాయి. మళ్ళీ కావాలంటే మీ డాబామీద ఉంటాయి కదాని...”

ఇద్దరూ గట్టుమీద నిలబడ్డారు. పడవ అవతలికి వెళ్ళి ఇవతలికి వచ్చింది. ఇతను అతన్ని నమ్ముకున్నాడు, అతను ఇతన్ని. ఇందులో తప్పు ఎవరిదని తేల్చడానికి ఏ పెద్దమనుషులు కూర్చున్నా సాయంత్రానికి కాఫీ తాగి లేచిపోవలసిందే.

చివరి ఇల్లు కాట్రేనికోన. ముత్యాలరాజు ఇల్లే. పెద్దిరాజు కావాలనే దాన్ని ఆఖరికి ఉంచుకున్నాడు. పొట్టు సంగతి నోరు జారకుండా ఉండడానికి దారి పొడుగునా మనసు సర్దుకున్నాడు.

“అత్తయ్యగారి విత్తనమా?” అన్నాడు ముత్యాలరాజు. “ఉండు బావా. స్నానం చేశాను కదా, నేనే తీస్తాను.”

దేవుడి గదిలోకి వెళ్ళాడు. లక్ష్మీదేవి పటం వెనక నించి పొట్లం తీసుకొచ్చాడు. శుభలేఖ కాగితం, అదే. మీద పసుపు, కుంకుమ, నాలుగేళ్ళ సాంబ్రాణి పొగ.

“ఆవిడ చేతి విత్తనాన్ని మట్టిలో కప్పెట్టడానికి మనసొప్పలేదు బావా. రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాం.”

పెద్దిరాజు పొట్లం విప్పాడు. గింజలన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా తక్కువ లేదు. అతని కళ్ళు తడిశాయి. ముత్యాలరాజు కూడా కళ్ళు తుడుచుకున్నాడు, తన భక్తి ఇన్నాళ్ళకి గుర్తింపు పొందినందుకు.

ఇంటికొచ్చాక పెద్దిరాజు గేటు పక్కన గుట్టగా పోసిన తన పాత ఒండ్రులోంచి కొంత జల్లెడపట్టి తెచ్చి, థర్మోకోలు పెట్టెలో పోశాడు. అడుగున నాలుగు బెజ్జాలు పెట్టాడు. గింజల్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాడు. చాలామట్టుకు తేలాయి. తేలినవి కూడా చల్లాడు. పొద్దునా సాయంత్రమూ చేత్తో చిలకరించాడు. కాంతం పెట్టె మీద పాత చీర నీడ కట్టింది. వారం గడిచింది. పది రోజులు. పదిహేనో రోజున ఒకటి మొలిచింది. ఇద్దరూ వంగి చూశారు. తోటకూర.

ఇరవై అయిదో రోజున పెద్దిరాజు ఒక గింజ తవ్వి తీసి గోటితో నొక్కాడు. లోపల ఏమీ లేదు. పొడి అయింది.

“పెట్టె ఖాళీ చెయ్యనా?” అంది కాంతం.

“ఉండనీ. తోటకూర ఉంది కదా.”

ఆ సాయంత్రం సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు మళ్ళీ మెట్లెక్కి వచ్చారు. చేతిలో మెరిసే పొట్లం ఉంది. దానిమీద నిగనిగలాడే నల్ల వంకాయ బొమ్మ, ఎంత పెద్దదంటే దాన్ని మోయడానికి ఒక మనిషి కావాలి.

“కాంతమ్మగారు చెప్పేరండి. నాకు నిద్ర పట్టలేదు. బజారంతా తిరిగి ఇది పట్టేను. హైబ్రిడ్డు. ముళ్ళుండవు, తెగులు రాదుట. ఇంక స్లాబు గురించి తమరు ఆలోచించకండి. పోతే పోయింది. ఏ మట్టి కావాలంటే ఆ మట్టి వేసుకోండి. వేస్తారు కదూ?”

ముసలాయన ఆయాసపడుతున్నారు. మొహంలో నిజమైన ఆపేక్ష ఉంది. పెద్దిరాజు పొట్లం రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

“ఆయ్, తప్పకుండా వేస్తానండి” అన్నాడు.

ఆయన మెట్లు దిగి వెళ్ళేదాకా నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళి, పొట్లాన్ని బీరువాలో చీరల మడతలో భద్రంగా పెట్టాడు.